వంతు కర్ర

ఏంట్రా వెస్లీ, ఏమన్నావు? అల్ ఖోర్ దాటాక రాస్ లఫాన్ దాకా ఒక్క చెట్టు కూడా లేదా? చెప్పొచ్చావులే. బస్సెక్కగానే ఆ ఫోన్లో తల దూర్చేస్తావు, దిగేదాకా ఎత్తవు, నీకు చెట్టు కనపడలేదంటే తప్పు చెట్టుదా? రేపు ఎడంవైపు కిటికీ పక్కన కూర్చో. ఓ చోట నేల కొంచెం పల్లంగా దిగుతుంది, ఆ పల్లంలో చెట్ల తలలు మాత్రం పైకి కనపడతాయి. తొమ్మిదుంటాయి. తొమ్మిదీ ఉన్నాయో లేదో లెక్కపెట్టి వచ్చి నాకు చెప్పు. నవ్వకు. ఆ తొమ్మిదింటి వెనకాల ఒక మనిషున్నాడు. మనవాడు కాదు, నేపాలీ, ధన్‌బీర్ అని. పోయి చాలా ఏళ్ళయిందట పాపం. పోశన్న కొడుకు ఇప్పుడు బర్వా లేబర్ క్వార్టర్లలో ఉంటాడు కదా, వాడి రూమ్‌లోకి ధన్‌బీర్ వాళ్ళ ఊరి కుర్రాడెవడో దిగాడంట, మాటల్లో మాట బయటపడింది. పోశన్నెవరంటావా? అదిగో, ఆగవు కదా నువ్వు. వస్తున్నా. ముందు మీ అమ్మని ఇంత టీ పెట్టమను, పంచదార వెయ్యమను, డాక్టరు వద్దన్నాడని మొదలెట్టద్దని కూడా చెప్పు.

తొంభై నాలుగురా. మీ అమ్మ మోనికా అప్పుడు రాజోల్లో రెండు జడలేసుకుని ఏడో తరగతికి వెళ్తుండేది. నేనిక్కడ, ఈ అరబ్బుల దేశంలోనే, కూలీల క్యాంప్‌లో టైమ్‌కీపర్ని. అంటే ఎవడు డ్యూటీకొచ్చాడు, ఎవడు రాలేదు, ఎవడికి నిజంగా జ్వరం, ఎవడికి దొంగ జ్వరం, అదంతా నా పని. పద్నాలుగు గదులు, గదికి పన్నెండు మంది, మంచం మీద మంచం. క్యాంప్ బాస్ హనుమప్ప అని రాయచూరు మనిషి, తిట్టడం తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించేవాడు, మనసు మాత్రం వెన్న. ఆ, క్యాంప్ వెనకాలే ఆ పల్లం. అరబ్బులు రౌదా అంటారు, వాన పడితే నీళ్ళు అక్కడే నిలుస్తాయి. చుట్టూ చూపు ఆనినంత మేరా ఇసకా రాళ్ళూ, మధ్యలో ఈ చెట్లు. వీళ్ళు సిద్ర్ అంటారు గానీ మన రేగుచెట్టుకి పెదనాన్న బిడ్డే అది. ముల్లూ అదే, పండూ అదే. కాకపోతే మాను ఇంత లావు, ఇద్దరు చేతులు చాచి పట్టుకోవాలి. ఎన్ని వందల ఏళ్ళవో! వాటి కింద కుందేళ్ళుండేవి, ఉడుములాంటిదొకటి ఎండలో పడుకుని మనల్ని చూసి కూడా లేచేది కాదు. చలికాలం వచ్చిందంటే ఎక్కడెక్కడి పిట్టలో దిగేవి.

మరి వాటిని పాడుచేసిందెవరనుకున్నావు? కంపెనీవాళ్ళా? కాదురా, మనమే. శుక్రవారం సెలవు కదా. గ్యాస్ మీద వండితే మటన్‌కి రుచి రాదని మనోళ్ళకో నమ్మకం. గొడ్డలి పట్టుకుని పల్లంలోకి దిగేవారు. నేను చేరేటప్పటికి పదమూడు చెట్లుండేవి, ఏడాది తిరిగేసరికి తొమ్మిదయ్యాయి. అందులో నా వంతూ ఉంది, ఆ కట్టెల మీద ఉడికిన పులుసు నేనూ లొట్టలేసుకుంటూ తిన్నాను, అబద్ధమెందుకు. ఇక మొనగాడు పోశన్న. నిర్మల్ పక్కన ఊరు, స్టీల్ ఫిక్సరు, సైట్‌లో ఇనప ఊచలు కట్టే బైండింగ్ వైరుతో ఉచ్చులు పన్నేవాడు. కుందేలు ఎటు నుంచి వస్తుందో దాని అమ్మకైనా తెలుస్తుందో లేదో గానీ పోశన్నకి తెలుసు. "సారూ, మా తాత పెద్దపులికే ఉచ్చు పెట్టిండు, గీ కుందేలెంత?" అనేవాడు. పడిందో లేదో నాకు తెలీదు ఆ పులి. వాళ్ళ తాతకే తెలియాలి.

ఈ ధన్‌బీర్ స్కాఫోల్డింగ్‌లో, అదే పరంజాలు కట్టే పనిలో, ఉండేవాడు. నలభై అయిదేళ్ళుంటాయేమో, పొట్టి మనిషి, గట్టి పిక్కలు. నూరు మెట్లు ఎక్కి దిగినా ఆయాసం ఉండేది కాదు, మాట మాత్రం బొత్తిగా తక్కువ. ఓ శుక్రవారం పోశన్న పెద్ద కొమ్మ నరుకుతుంటే ఈయన వెళ్ళి పక్కన నించున్నాడంట. వద్దనలేదు, తిట్టలేదు. నరకడం అయిపోయాక ఆ కొమ్మలోంచి ఒక వంకర లేని రెమ్మ ఏరుకుని, బెరడు తీసి, ముళ్ళు చెక్కి, ఇంత పొడుగు కర్ర చేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు తెల్లారేసరికి ఆ కర్ర పోశన్న వాళ్ళ ఆరో నంబరు గది గుమ్మానికి అడ్డంగా పడుంది.

ఇహ చూడు తమాషా. బస్సు హారన్ కొడుతోంది, అందరూ ఎక్కారు, ఆరో నంబరు గదిలోంచి పన్నెండు మందిలో ఒక్కడూ రాలేదు. హనుమప్ప కేకలు. నేను రిజిస్టరు పట్టుకుని పరిగెత్తాను. తలుపు బార్లా తీసుంది, లోపల పన్నెండుగురూ బూట్లేసుకుని, టిఫిన్ బాక్సులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళి చూపులకొచ్చినట్టు మంచాల మీద వరసగా కూర్చున్నారు. ఏమైందిరా అంటే పోశన్న వేలు చూపించాడు. "సారూ, గా కట్టె జూసినవా? గది ఉత్త కట్టె గాదు. ఎవడో జేసిండు. దాటినోడు దాటినట్టే పోతడు." ఇంకొకడు లోపల్నించి, "తీసెయ్యి సారూ, మీరు కిరస్తానోళ్ళు గదా, మీకేం గాదు," అన్నాడు. అంతేగా మరి! నేను బాప్తీస్మం పుచ్చుకున్నవాణ్ణి, ఆదివారం బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి, ఇలాంటివాటికి భయపడతానా? ప్రభువా అనుకుని ముందుకు వంగాను. ఒరే, చెయ్యి ముందుకెళ్ళలేదురా! బైటవైపు నేనూ, లోపలవైపు వాళ్ళూ, మధ్యలో కర్ర. ఈలోగా బస్సులోంచి ధన్‌బీర్ దిగొచ్చి, మా మొహాలు చూసి, "మేరా డండా హై సాబ్," నా కర్రే అని మామూలుగా తీసి చంకలో పెట్టుకున్నాడు. పోశన్న అంతెత్తున లేచాడు. "నువ్వా జేసింది! మా మీన నీకేం పగరా బాదూరూ?" అని. నేపాలీ ఎవడైనా మనోళ్ళకి బాదూరే. పగేం లేదు, ఇవాళ మీ వంతు అన్నాడాయన. దేని వంతురా అంటే, చెట్లు కాసే వంతు.

ఆ సాయంత్రం మెస్సులో చెప్పాడు, హిందీలోనే, నేను మన తెలుగులో చెబుతున్నా. వాళ్ళది ఎక్కడో కొండల్లో ఊరు, రోడ్డు దిగి మూడు రోజులు నడవాలి. ఊరి పైన అడివి. ఓక్ చెట్లంట. నేనెప్పుడు చూశానులే. మన మద్దిచెట్టంత మాను, ఆకు అంచుకి ముళ్ళు, ఒళ్ళంతా నాచు పట్టి వానాకాలం గొంగళి కప్పుకున్న ముసలాళ్ళలా ఉంటాయి అన్నాడు. ఆ ఆకే గేదెలకి మేత, ఆ వేళ్ళ కిందే ఊట, ఆ కాయల కోసమే ఎలుగుబంట్లు వస్తాయి, రంగురంగుల అడివికోళ్ళు వస్తాయి. వీళ్ళ నాన్నల కాలంలో ఎవడికి తోచినట్టు వాడు నరికేసరికి ఊట ఎండిపోయిందంట. ఆడాళ్ళు బిందె నీళ్ళకి సగం పూట నడిచేవారు. అప్పుడు ఊళ్ళో నలభై రెండిళ్ళవాళ్ళూ కూర్చుని ఒక కర్ర చేశారు. పొద్దున్న కర్ర ఎవరి గుమ్మం ముందుంటే ఆ ఇంటివాళ్ళు ఆ రోజు అడివి కాయాలి. సాయంత్రం దిగొచ్చి పక్కింటి గుమ్మంలో పెట్టాలి. జీతం లేదు, కాగితం లేదు, ఫారెస్టు ఆఫీసరు లేడు. పదిహేనేళ్ళలో ఊట తిరిగొచ్చింది, ఎలుగుబంటీ తిరిగొచ్చింది. ఎలుగుబంటి ఎవరికి కావాలయ్యా అని ఎవరో అంటే, అది రావడమే గుర్తు సాబ్, అడివి బాగుందనడానికి, అన్నాడు.

విన్నారు, నవ్వారు, పళ్ళేలు కడుక్కుని పోయారు. "గీడ మనల్నే కాసేటోడు లేడు, మనం చెట్లను గాయాల్నా?" అని పోశన్న. సరే, ఎవరూ రాకపోతే ఆయన మానేశాడా? మానలేదు. రోజూ డ్యూటీ దిగి, మొహం కడుక్కుని, ఆ కర్ర పట్టుకుని వెళ్ళి చీకటి పడేదాకా చెట్ల కింద కూర్చునేవాడు. తెలంగాణావాళ్ళు "బాదూరు ఫారెస్టు ఆఫీసరు" అని పేరు పెట్టారు. ఆయన ఉంటే గొడ్డలితో వెళ్ళడానికి మొహం చెల్లేది కాదు, అంతవరకు నిజం. కానీ ఉచ్చులకి మొహంతో పనేముంది?

దసరా వచ్చింది. ఆ ఏడు శుక్రవారమే పడింది. నీకు తెలీదేమో, తెలంగాణాలో దసరా నాడు పాలపిట్టని చూడాలిరా. చూస్తే ఏడాదంతా మంచి జరుగుతుంది, చూడకపోతే వాళ్ళకి పండగ పండగే కాదు. కొత్త బట్టలు కట్టుకుని ఊరి బయటికి పోయి మరీ వెతుక్కుంటారు. ఇక్కడ ఎడారిలో పాలపిట్ట ఎక్కడిది? పోశన్న వచ్చి మూడేళ్ళు. కిందటేడు ఏం చేశారనుకున్నావు? కరీంనగర్ నుంచి ఎవడికో వచ్చిన క్యాలెండర్లో పాలపిట్ట బొమ్మ ఉంటే దాన్ని గోడకంటించి పన్నెండుగురూ వరసగా దణ్ణం పెట్టుకున్నారు. ఆ తర్వాత చూస్తే అది మీనుకొంగ! లకుముకి పిట్ట! ఆ ఏడాది ఎవడికి చిన్న దెబ్బ తగిలినా, ఎవడి సెలవు రద్దయినా, "గా మీనుకొంగకు మొక్కితే గిట్లనే అయితది," అని పోశన్న ఏడుపు.

ఆ దసరా పొద్దున్న పోశన్న ఉచ్చులు చూసుకోడానికి పల్లంలోకి దిగాడు. ధన్‌బీర్ అప్పటికే అక్కడున్నాడు, కర్ర ఒళ్ళో పెట్టుకుని. ఒకళ్ళనొకళ్ళు పలకరించుకోలేదు. పోశన్న వంగి ఉచ్చు విప్పుతున్నాడు. అప్పుడు ధన్‌బీర్ ఊరికే, "ఈ నీలం పిట్ట కొత్తది, నిన్న లేదు," అన్నాడంట, తనలో తను అనుకున్నట్టు. పోశన్న తలెత్తాడు. మూడో చెట్టు చిటారు కొమ్మన, ఎండుకొమ్మ అది, ఆ వేళ పండగ వంటకి కొట్టాలని తను గురుతు పెట్టుకున్న కొమ్మే, దాని మీద కూర్చునుంది. చూస్తుండగానే రెక్క విప్పింది. నీలం! ఎక్కడో చలిదేశాల నుంచి ఎగిరిపోతూ దారిలో దిగింది కాబోలు. మన పాలపిట్ట కాదు, దాని చుట్టం అని ఆ తర్వాత ఎవరో ఇంజినీరు అన్నాడులే, పోశన్న ముందు అంటే ఊరుకుంటాడా? లుంగీ ఎగ్గట్టుకుని క్యాంప్‌లోకి పరిగెత్తుకొచ్చాడు, "పాలపిట్ట! పాలపిట్ట వచ్చింది రారి!" అని. హనుమప్ప నిప్పంటుకుందేమోనని బకెట్టు పట్టుకుని బయటికొచ్చాడు. నేనూ వెళ్ళానురా. అంతమంది మగాళ్ళు, స్నానాలు కూడా చెయ్యనివాళ్ళు, చెట్టు కింద చెప్పులు విడిచి నించున్నారు. పోశన్న అయితే గుక్కపట్టి ఏడ్చాడు. ముత్తవ్వ, ఆయన పెళ్ళాం, కిందటేడు పురిట్లో చావుదాకా వెళ్ళి బతికింది, ఇంటికి పోయి చూడ్డానికి ఈయనకి సెలవివ్వలేదు. అదంతా ఆ మీనుకొంగ వల్లేనని మనసులో పెట్టుకుని ఏడాదంతా తిరిగాడు మనిషి. నాకూ కళ్ళు తడిశాయి. దేవుడు ఎవరికి ఏ దారిన ఓదార్పు పంపిస్తాడో మనకెలా తెలుస్తుంది?

అంతే. ఆ పూటే పోశన్న ఏడు ఉచ్చులూ తనే పీకి, వైరు చుట్ట చుట్టి స్టోర్‌లో ఇచ్చేశాడు. సాయంత్రం ధన్‌బీర్ చేతిలోంచి కర్ర లాక్కున్నాడు. "ఇయ్యాల మా రూం వంతు. చెట్టు మీద చెయ్యేసినోని చెయ్యి ఇరుగుతది." ఆపేవాడే లేడు. మర్నాడు ఏడో గది, ఆ మర్నాడు ఎనిమిది. వంతుల పట్టీ నేనే రాసిచ్చాను, టైమ్ షీట్ల వెనకాల. పఠాన్ల గదివాళ్ళు మొదట నవ్వి, తర్వాత అందరికంటే గట్టిగా కాశారు, చెట్ల కిందకి కెటిల్ కూడా తీసుకెళ్ళేవారు. పద్నాలుగు గదులు, పద్నాలుగు రోజులు, మళ్ళీ మొదటికి. శుక్రవారం మటన్ ఇక గ్యాస్ మీదే ఉడికింది, రుచి తగ్గిందని ఎవడూ చచ్చిపోలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అసలు సంగతి నాకు జనవరిలో తెలిసింది. ఓ శుక్రవారం మధ్యాహ్నం ధన్‌బీర్ నా ఆఫీసు క్యాబిన్‌కొచ్చి, సాబ్, మీకు హిందీ రాయడం వచ్చు కదా, ఉత్తరం రాసిపెట్టండి అన్నాడు. వచ్చురా, హిందీ ప్రచార సభ పరీక్షలు మధ్యమ దాకా పాసయ్యాను, ఏమనుకున్నావు. ఎవరికయ్యా ఉత్తరం అంటే, ఊరి అడివి పెద్దలకి అన్నాడు. ఏమని అంటే, అప్పుడు చెప్పాడు. ఇక్కడికి రావడానికి ఏజెంటుకి కట్టాలి కదా, చేతిలో ఏమీ లేదు. అడివిలో నాలుగు ఓక్ చెట్లు నరికి బొగ్గు కాల్చి అమ్ముకున్నాడు. వాళ్ళ తాత తాతలు చూసిన చెట్లు. ఎప్పుడు నరికాడో తెలుసా? కర్ర వాళ్ళ గుమ్మంలో ఉన్న రోజున. ఆ రోజు కాపలా ఆయనదే! కాపలావాడు తప్ప అడివిలో ఇంకెవడూ ఉండడు కదా, అందుకని ఆ రోజునే నరికాడు. ఆ ఏడు ఊట కొంచెం సన్నబడిందంట. ఊరివాళ్ళు కొట్టలేదు, తిట్టలేదు, పెళ్ళాంతో మాటా మానలేదు, నిప్పూ నీళ్ళూ ఆపలేదు. కర్ర ఆపేశారు. పై ఇంటినుంచి వచ్చిన కర్ర వీళ్ళ గుమ్మం దాటి కింద ఇంటికి వెళ్ళిపోతుంది. "నలభై రెండిళ్ళ ఊరు సాబ్, ఇప్పుడు నలభై ఒకటే. వంతు రావలసిన రోజున మా ఆవిడ తెల్లారకుండా లేచి తలుపు తీసి చూస్తుంది. తప్పు నాది. చూసేది ఆవిడ," అన్నాడు. తప్పు చేసినవాళ్ళని నేను చాలామందిని చూశాను, టైమ్‌కీపర్ని కదా, కానీ అలా చెప్పినవాణ్ణి చూడలేదు.

రాశాను. నాకు ప్రేమగా రాయడం ఎక్కడొచ్చు? అలవాటు చొప్పున టైమ్ షీట్ లాగే రాశాను. పేరు ధన్‌బీర్. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా. చెట్లు మొదట తొమ్మిది, ఇప్పుడు తొమ్మిది. కాపలా గదులు పద్నాలుగు. గైర్హాజరు ఒక్క రోజు కూడా లేదు. కింద సంతకం పెట్టి, ఊరుకోలేక కంపెనీ ముద్ర కూడా గుద్దాను. ఆఖర్న ఆయన చెప్పిన ఒక్క ముక్క కలిపాను: ఈ చెట్లు ఆ చెట్లకి బదులు కావు, నాకు తెలుసు, మా గుమ్మాన్ని మళ్ళీ వంతులో కలపండి, అని. పోస్టులో వేశాం. నెల అయింది, రెండు నెలలయింది. కర్ర ఇక్కడ తిరుగుతూనే ఉంది. పోశన్న రోజూ అడిగేవాడు, "ఏమన్న జవాబొచ్చిందా బాదూరన్నా?" అని. పగ ఏంటని అడిగిన మనిషే, చూశావా, అన్న అయిపోయాడు.

ఏప్రిల్లో సెలవు నుంచి తిరిగొచ్చిన నేపాలీవాడొకడు గుడ్డలో చుట్టి క్యాసెట్టు తెచ్చాడు. అప్పట్లో ఫోన్లెక్కడివిరా, ఇంటివాళ్ళు టేపులో మాట్లాడి పంపేవారు, మీ అమ్మమ్మ కూడా పంపేది, సగం టేపు పొద్దున్నే కోళ్ళు కూయడమే. మంచి టేప్ రికార్డరు ఆరో గదిలో ఉంది, అందరం అక్కడే చేరాం. ఒక పక్కంతా పెళ్ళాం మాట్లాడింది. గేదె ఈనింది, అత్తకి మోకాళ్ళ నొప్పులు, వడగళ్ళు పడ్డాయి. ఆ నేపాలీ కుర్రాడు ఒక్కో ముక్కా మాకు హిందీలో చెబుతున్నాడు. కర్ర ఊసే లేదు. ధన్‌బీర్ మొహం చూడలేకపోయాం. టేపు ఆగిపోయింది. పోశన్న లేచి రెండో పక్కకి తిప్పాడు. చాలాసేపు ఏమీ లేదు. గాలి. కుక్క మొరిగింది. ఎవరో రాళ్ళ మీద నడిచొస్తున్న చప్పుడు. అప్పుడు, రాతి గడప మీద, టప్ మని. కర్ర పెట్టిన చప్పుడు! ఒక ముసలాయన గొంతు ఏదో అంది, ధన్‌బీర్ పెళ్ళామేమో నవ్విందో ఏడ్చిందో, నాకు ఇప్పటికీ తెలీదు. ఏమన్నాడా ముసలాయన అని అడిగితే కుర్రాడు చెప్పాడు: "ధన్‌బీర్ ఇంటి వంతు," అన్నాడంట. అంతే. పోశన్న అది మూడుసార్లు వెనక్కి తిప్పి వేశాడు. "మల్ల పెట్టు, మల్ల పెట్టు," అని గదంతా గోల. పఠాన్లు వచ్చి ధన్‌బీర్‌ని భుజాల మీదకెత్తేశారు, పై మంచానికి తల కొట్టుకుంది పాపం.

మర్నాడు పొద్దున్నే నా క్యాబిన్ ముందున్నాడు. వీసా క్యాన్సిల్ చేయించండి సాబ్, ఇంటికి పోతా అన్నాడు. నేను అరిచాను. పిచ్చా నీకు, కాంట్రాక్టు ఇంకా ఎనిమిది నెలలుంది, టికెట్టు నీ చేతిది పడుతుంది, కావలసిన శుభవార్త వచ్చింది కదా, కూర్చుని పని చేసుకోవయ్యా, అని. ఆయన నిదానంగా విని, "వాళ్ళు ఇంటావిడ పేరు చెప్పలేదు సాబ్, నా పేరు చెప్పారు. నలభై రెండిళ్ళు. మళ్ళీ వంతు తిరిగొచ్చేలోగా నేనక్కడ ఉండాలి," అన్నాడు. ఫారం తీశాను. అందులో వెళ్ళడానికి కారణం అని ఒక గడి ఉంటుందిరా. అనారోగ్యం, ఇంట్లో చావు, పెళ్ళి, అన్నీ రాసిన చెయ్యే ఇది. వాటిల్లో ఏదీ ఈయనకి సరిపోదు. ఆయన ఎదురుగా నించుని చూస్తున్నాడు. కడకి ఇంగ్లీషులో, పెద్దక్షరాల్లో, డ్యూటీ అని రాశాను.

...

రేపు ఎడంవైపు కిటికీ, మర్చిపోకు. మోనికా, ఈ టీలో పంచదార వేశావా లేదా తల్లీ?